ఊరగాయ బద్దకు కొన్న చెయ్యి

మద్రాసు మొత్తమ్మీద నాకంటే చవగ్గా మనిషి చెయ్యి కొన్నవాళ్ళెవరైనా ఉంటే చూపించండి. మోచేతి పైదాకా నీళ్ళ డబ్బాలో పెట్టి, అరగంటసేపు కదపకుండా, కిమ్మనకుండా ఉంచే చెయ్యి. నేనిచ్చిన వెల ఒక మామిడికాయ ఊరగాయ బద్ద. తక్కెడలో వేలు పెట్టి బతికిన మా చిన్నాయన కూడా ఇంత లాభసాటి బేరం చేసి ఎరగడు. ఆ సాయంత్రం ట్రాములో ఇంటికి పోతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్కన కూచున్నావిడ కొంచెం జరిగి కూచుంది.

మాది కొత్వాల్ చావడి దగ్గర తాతల నాటి నుంచి పప్పులూ బెల్లమూ అమ్మిన కొంప. మా ఇంట్లో పిల్లలు నడక కంటే ముందు బేరం నేర్చుకుంటారు. డాక్టరీ చదివినా నాకు ఆ బుద్ధి వదల్లేదు, వదలాలని నేను పెద్దగా ప్రయత్నించనూ లేదు. ఆసుపత్రిలో మా పెద్ద డాక్టరుగారు పరిశోధనకు సహాయకురాలిగా నన్ను తీసుకుని, “పరికరానికి డబ్బు లేదమ్మా” అంటే, “మీరు ఊరుకోండి సార్” అని మా అంగట్లోని నేతి డబ్బా ఒకటి తెచ్చి, మూర్ మార్కెట్లో పాత సైకిలు ట్యూబు బేరమాడి, నేనే తయారు చేయించాను.

మూత్రపిండాలు చెడినవాళ్ళకు రక్తనాళాలు కూడా బిరుసెక్కుతాయని మా పెద్ద డాక్టరుగారి అనుమానం. దాన్ని చూడడానికే ఆ డబ్బా. రోగి చేతిని నీళ్ళలో పెట్టించి, నీళ్ళు కారకుండా చుట్టూ రబ్బరు బిగిస్తాం. జబ్బకు గాలిపట్టీ కట్టి కాసేపు రక్తం ఆపేస్తాం. పట్టీ వదలగానే, ఆకలిగొన్న చేతిలోకి రక్తం దూకుతుంది. చెయ్యి ఆ మేరకు ఉబ్బి డబ్బాలో నీళ్ళు లేస్తాయి. ఆ నీళ్ళు లేపిన సూది, మసి పట్టించిన కాగితం మీద గీత గీస్తుంది. నాళాలు బాగా విచ్చుకుంటే గీత నిలువుగా లేస్తుంది, లేకపోతే ముసలి బల్లిలా వాలుగా పాకుతుంది. ఉప్పు మాన్పించి వాపు దించితే ఆ వాలు గీత మళ్ళీ లేస్తుందా అన్నది మా ప్రశ్న. అందుకని ఉప్పులేని తిండి పెడుతూ వారానికోసారి ఒక్కో రోగి చేతిని డబ్బాలో పెట్టించేవాళ్ళం.

నేను చెయ్యి కొన్నామె రాయపురంలో ఎండుచేపలు అమ్మే మనిషి. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. వచ్చినప్పుడు కళ్ళు తెరవలేనంతగా మొహం వాచి ఉంది, కాళ్ళు రోలంత ఉన్నాయి. కానీ నోటికి మాత్రం వాపు లేదు.

“ఏం డాక్టరమ్మా, దీన్ని కూడా కూడంటారా మీ ఊళ్ళో? సుద్ద నమిల్నట్టుండాది.”

“మీ ఊరూ మా ఊరూ ఒకటే కదా.”

“ఒకటే అయితే నువ్వు తిను, నేను చూస్తా.”

ఆమె బెంగ రోగం గురించి కాదు. చేపల బజారులో పెద్ద గోడ వారగా, పొద్దు నెత్తికెక్కినా నీడ ఉండే చోటు ఒకటి ఆమెది. వాళ్ళ అమ్మ కూచున్న చోటే అది. పట్టా లేదు, కాగితం లేదు. రోజూ గంప పెట్టుకుని కూచున్నవాళ్ళదే చోటు. ఎక్కువకాలం కూచోకపోతే ఇంకొకరిదైపోతుంది, అడిగే దిక్కుండదు. ఈమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ తోడికోడలు అక్కడ కూచుంటోంది.

“అది కాపలా కూచోనుండాదో, కాపురమే పెట్టేసిందో” అనేది ఈమె. “నన్ను బిరీన పంపించేయండి తాయీ.”

కాళ్ళ వాపు దిగితే పంపిస్తానని పెద్ద డాక్టరుగారు మాటిచ్చారు. ఆమెకు కావలసింది అదొక్కటే.

మొదటిసారి పరీక్షకు చెయ్యి ఇచ్చింది. పట్టీ బిగించాక చెయ్యి తిమ్మిరెక్కి చచ్చిపోతున్నట్టుంటుంది, అది నిజమే, నా చేతి మీద చూసుకున్నాను. రెండోసారి పిలిస్తే మంచం మీదనే గోడవైపు తిరిగి పడుకుంది.

“ఆ పట్టీ కట్టించుకుంటే నాకేమొస్తాది?”

ఇంకో డాక్టరైతే ఇది నిరాకరణ అనుకుని పోయేది. అంగట్లో పెరిగిన చెవికి అది వెల అడగడంలా వినిపించింది.

“నీకు బాగవుతుంది.”

“అది పెద్దయ్య మందుతో అవుతాది. నీ డబ్బాతో నాకేం?”

“సరే, ఏం కావాలి?”

ఆమె ఇటు తిరిగింది. నా మొహం వైపు కాదు, బల్ల మీది నా టిఫిన్ కారియరు వైపు చూసింది. “మామిడికాయ ఊరగాయే కదా అది?”

“అది నీకు కూడదు.”

“కూడదని తెలిసే అడగతా ఉండా. కూడేదైతే ఆయానే పెడతాది కదా.”

“కడిగి ఒక బద్ద ఇస్తా.”

“కడిగితే నీ చెయ్యి నువ్వే పెట్టుకో డబ్బాలో.”

ఇక్కడ నేను ఆగి ఉండాలి. ఆగలేదు. ఆగకపోవడానికి కారణం జాలి అని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అబద్ధం. ఎదుటివాళ్ళు బాగా బేరమాడితే నాకు ఉత్సాహం వస్తుంది, అంతే. “కడగను, గుజ్జు విదిలించి ఇస్తా, ఒకటే బద్ద” అన్నాను. ఆమె ఆ బద్దను చప్పరించి, టెంక దాకా చీకి, వేళ్ళు నాక్కుంది. తర్వాత చెయ్యి చాపింది. గీత అంత శుభ్రంగా అదివరకెప్పుడూ రాలేదు. వాలుగానే పాకింది, కానీ ఎక్కడా చెదరలేదు.

ఒక్క బద్దలో ఉప్పెంతని? కందుల మూటలో ఒక రాయి. అలా సర్దిచెప్పుకున్నాను. తర్వాతి వారం నేను పిలవకముందే ఒక చెయ్యి బద్దకు, ఒక చెయ్యి డబ్బాకు చాపింది. ఆ తర్వాత “రాబోయే దానికి అచ్చారం ఇచ్చేయి” అని పరీక్ష లేని రోజుల్లో కూడా ముందుగానే వసూలు చేయడం మొదలెట్టింది. నేను అరిటాకు ముక్కలో చుట్టి తెచ్చేదాన్ని. మా అమ్మ “ఆసుపత్రికి పోయినాక నీకు ఆకలి పెరిగిందే” అని మురిసిపోయి ఇంకో రెండు బద్దలు వేసేది.

పక్క మంచాలవాళ్ళ కాళ్ళు సన్నబడ్డాయి. ఆమెవి అలాగే ఉన్నాయి. పెద్ద డాక్టరుగారు రోజూ ఆమె కాలి ముందెముక మీద బొటనవేలితో నొక్కి చూసేవారు. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయేది. ఒకరోజు నావైపు తిరిగారు.

“చప్పిడి తిండి సరిగానే పోతోంది కదమ్మా?”

“పోతోంది సార్.”

మంచం మీది మనిషి నన్ను చూసి, దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుంది. నన్ను కాపాడుతోందని అప్పుడు అనిపించింది. కాపాడవలసింది ఎవరిని ఎవరు?

“అయితే మొండి కేసు” అన్నారాయన. తాగే నీళ్ళు కూడా కొలిచి ఇమ్మన్నారు. ఒంట్లో నీరు మూత్రంగా పోవడానికి పాదరసం కలిసిన ఇంజక్షను రాశారు. దాని పోటుకు ఆమె తుంటి పట్టుకుని కుంటేది. ఆ రోజైనా నేను నోరు విప్పొచ్చు. ఉద్యోగం పోతుందన్న భయం కొంత. అంతకంటే ఎక్కువగా, అంత అందంగా వచ్చిన గీతలు చెత్తబుట్టలో పడతాయని.

చిత్తిరై నెల ఎండలు. వార్డులో పైకప్పు రేకుల వేడి. నేను మంచం దగ్గరికి పోతే ఆమె పెదాలు తడుపుకోబోయి తడుపుకోలేకపోయింది.

“డాక్టరమ్మా, నాలిక చేప పొలుసైపోయింది. నీళ్ళకేం బేరం? రెండు చేతులూ పెడతా.”

నా చేతిలో అరిటాకు పొట్లం ఉంది. దాన్ని మళ్ళీ సంచిలో పెట్టేసి, పక్కన కూచుని చెప్పాను, వాపు దిగకపోవడానికి కారణం ఇదేనని, ఇక ఇవ్వనని. తిడుతుందనుకున్నాను.

“నువ్వే ఇస్తివి కదా” అంది. “డాక్టరు చేత్తో ఇస్తే ఏమీ కాదులే అనుకున్యా.”

ఆ తర్వాత వాపు మెల్లగా దిగింది. పెద్ద డాక్టరుగారు వార్డులో విద్యార్థులందరి ముందూ ఆ ఇంజక్షనును మెచ్చుకున్నారు. వాళ్ళు రాసుకున్నారు, నేను తలూపాను. ఆమె గీతల గురించి మాత్రం, డబ్బా కారింది సార్, అవి లెక్కలోకి వద్దు అన్నాను. “నేతి డబ్బా కదమ్మా, కారదూ మరి” అని నవ్వారు. ఆ డబ్బా ఒక్కనాడు చుక్క కారలేదు.

ఆమె ఇల్లు చేరేసరికి వానలు మొదలయ్యాయి. కొన్నాళ్ళకు నేను రాయపురం పోయాను. గోడ వార నీడలో ఇంకొకావిడ దిట్టంగా కూచుని ఉంది. ఈమె బజారు అవతల సందులో గంప నెత్తిన పెట్టుకుని కేక వేస్తూ కనిపించింది. పాదాలు మళ్ళీ ఉబ్బి, చెప్పుల వారు లోపలికి దిగిపోయి ఉంది.

“ఏం డాక్టరమ్మా, పప్పుల అంగడోళ్ళు చేపల బజారుకొచ్చినారే! సముద్రం ఉండాదా, ఇంకిపోయిందా?”

చోటు సంగతి అడిగాను.

“నేను నెల ముందొచ్చుంటే జుట్టు పట్టి లేపేసుందును. ఇప్పుడు ఆ గోడకు నా తోడికోడలి వీపే అలవాటైపోయింది. ఎవురూ నా పక్క మాట్లాడరు.” గంప సర్దుకుంది. “సరి, నిలబడితే కాళ్ళు లాగతాయి, నడిస్తేనే మేలు.” కేక వేసుకుంటూ పోయింది.

ఇక లెక్క. నాకు ఉద్యోగం నిలిచింది, పెద్ద డాక్టరుగారి నమ్మకం ఆయన పోయేదాకా నిలిచింది. ఆయనకు నేను చెప్పనే లేదు. మిగతావాళ్ళ చేతులతో పరిశోధన పూర్తయి, దాని పేరు మీదే ఇన్నాళ్ళు బతికాను. ఆమె ఇచ్చుకున్నవి సూది పోట్లు, ఎండాకాలం దాహం, వాళ్ళమ్మ నాటి నీడ. ఆమె మూత్రపిండాలు ముందే చెడ్డవి, నేను లేకపోయినా ఆలస్యమయ్యేదేమో. తోడికోడలు ఎలాగైనా లేచేది కాదేమో. ఈ ఏమోలన్నీ కలిపితే నా పాలు సగానికి దిగుతుంది, గట్టిగా బేరమాడితే ఇంకా దిగుతుంది. ఆడను. ఆ తర్వాత ఆమె ఎన్నాళ్ళుందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి మళ్ళీ పోలేదు. అది కూడా నా పద్దులోదే.