రాజారత్నం నల్లడబ్బా

సూర్యాపేట రాజారత్నం ఫొటోలు తీసే నల్లడబ్బాలో దయ్యముందని మూడు ఊళ్లలో చెప్పుకునేవారు. తనకేసి చూసేవాళ్లను ఆ దయ్యం పట్టదట. తమ పనిలో తామున్నవాళ్లనే పట్టుకుంటుందట. కోదాడలో ఒక పెళ్లికొడుకు మేనమామ, "అటు చూడమాకండి, చూస్తే మీ బొమ్మ రాదంట" అని చుట్టాలందరినీ హెచ్చరించాడు. ఆ పెళ్లిలో సగంమంది గోడకేసి చూస్తూ అక్షింతలు వేశారు.

ఈ మాట పుట్టింది మిర్యాలగూడలో, తిరుపతయ్య పటేలు కూతురు కౌసల్య పెళ్లి తర్వాత. దానికి అసలు కారణం మాత్రం రాజారత్నం తల్లి జానమ్మ శుభ్రత.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు అది. హైదరాబాదు నుంచి సరుకు సరిగ్గా రావడం లేదు. నల్ల కాగితంలో చుట్టి దాచిన నాలుగు గాజుపలకలే రాజారత్నానికి మిగిలాయి. డబ్బాలో పలక బిగించి మూత తీస్తే, దాని పూతమీద బొమ్మ పడుతుంది. పెళ్లికి ముందురోజు జానమ్మ పెట్టె సర్దుతూ ఆ కాగితం విప్పింది. గాజుమీద మీగడలాంటి పూత చూసి, ఎన్నేళ్ల మురికో అనుకుంది. వేడినీళ్లు పోసి, బూడిదతో తోమి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ అదే కాగితంలో చుట్టి పెట్టింది. చేసిన పని చెప్పుకునే అలవాటు ఆమెకు లేదు.

పెళ్లివారి వడ్లకొట్టులో, చీకట్లో పలక బిగించబోతే రాజారత్నం వేలు సర్రున జారింది. సామాను మోయడానికి వెంట వచ్చిన భార్య రూతమ్మను లోపలికి పిలిచాడు.

"పలకలు వట్టి అద్దాలైనయ్."

రూతమ్మ ఒకటి అందుకుని వాసన చూసింది.

"అత్తమ్మ తోమింది."

రాజారత్నం వడ్లబస్తా మీద కూలబడ్డాడు. "పోయిన పెండ్లిల అన్ని నల్లగ వచ్చినయ్. గిది గూడ పోతే ఇగ నన్నెవడు పిలుస్తడు? మళ్ల బట్టల దుకాణంల గజాలు కొలుసుడే."

"నా దాంట్ల ఎనిమిది బొమ్మల రీలున్నది" అంది రూతమ్మ.

ఆమె సంచిలో ఇటుకంత డబ్బా ఒకటి ఉంది. మిషను బళ్లో చదువు చెప్పిన దొరసాని సీమకు పోతూ ఇచ్చింది. దాన్ని కడుపు దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న చిన్న అద్దంలో చూసి మీట నొక్కాలి. రూతమ్మ అంతవరకూ దాంతో కోళ్లనూ, నిద్రపోతున్న అత్తగారినీ తీసింది. మొగుడు దాన్ని ఆటబొమ్మ అనేవాడు.

"గంతమంది ముంగట నిలబడి తీస్తవా నువ్వు?"

"నిలబడ. కూసుంట. నువ్వు పెద్దడబ్బాతోని వాళ్లను ఆడిచ్చు."

పెళ్లయిన మూడేళ్లలో ఆమె ఒక్కసారిగా అన్ని మాటలు అనడం అదే మొదలు.

రాజారత్నం ఖాళీ డబ్బాను పందిరి ముందు నిలబెట్టాడు. తిరుపతయ్య మీసం దువ్వి, కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించాడు. పదిదాకా లెక్కపెట్టేవరకు ఎవరూ కదలకూడదు. ఊపిరి వదిలితే ఆయుష్షు డబ్బాలోకి పోతుందని భయం కనుక పీల్చేవారు కూడా కాదు. ఆ రోజు కంగారులో రాజారత్నం పదిదగ్గర ఆగలేదు. పదిహేడు దాకా పోయాడు. తిరుపతయ్య ముఖం వంకాయ రంగుకు తిరిగింది.

రూతమ్మ పందిరి గుంజ పక్కన, ఎండపొడలో కూర్చుంది. ఒళ్లో డబ్బా, దానిమీద కొంగు.

"రాజారత్నం పెండ్లాం ఎంత సిగ్గరి, తల్లీ. పొద్దటిసంది తల ఎత్తలే" అంది వంటలు చూస్తున్న సైదమ్మ.

తల ఎత్తితే అద్దం కనబడదు. జనం బిగుసుకున్నంతసేపూ రూతమ్మ మీట ముట్టుకోలేదు. పదిహేడు అయ్యాక అందరూ ఒక్కసారి ఊపిరి వదిలి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. అప్పుడు నొక్కింది.

కన్యాదానం అయ్యేదాకా పిల్ల తండ్రి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. తిరుపతయ్య చుట్టూ చూసుకుంటూ వంటసాల పక్కకు వచ్చి, గంపలోంచి లడ్డు తీసి మొత్తం నోట్లో కుక్కుకున్నాడు. వెనక కిటికీలోంచి, గౌరీపూజ దగ్గరున్న కౌసల్య అది చూసింది. రూతమ్మ వేలు తనంతట తానే కదిలింది.

సూర్యాపేటకు వచ్చాక రీలు కడిగితే ఎనిమిదింటిలో ఆరే నిలిచాయి. లడ్డు ఫొటో అన్నిటికంటే బాగా వచ్చింది.

"గిది సూపిస్తే పటేలు నన్ను బొంద పెడ్తడు" అన్నాడు రాజారత్నం.

రూతమ్మ కాగితంలో ఆరూ పెట్టి చుట్టింది.

తిరుపతయ్య అరుగు మీద కూర్చుని విప్పాడు. "నీ డబ్బా నీళ్ల గోలెమంత, ఫొటోలు తమలపాకంత. నేను మీసం దువ్వి కూసున్నది ఏది?"

రాజారత్నం చేతులు కట్టుకున్నాడు. "పటేలా, డబ్బా నా మాట ఇనదు. దాన్ని సూస్తున్నోళ్లను అది పట్టది. సూడనోళ్లనే పడ్తది."

అప్పటికి లడ్డు ఫొటో తిరుపతయ్య తల్లి ముత్తమ్మ చేతికి చిక్కింది. "ఉపాసమంటివి గదరా కొడుకా."

"గది పెండ్లయినంక తిన్నది."

"అయినంకనైతే పిల్ల మెడల పుస్తె ఏది?"

తిరుపతయ్య చింపేద్దామని ఫొటో లాక్కున్నాడు. రూతమ్మ గుమ్మం దగ్గర తల వంచుకుని ఆ చేతులనే చూస్తోంది. అవి ఆగిపోయాయి. అతని బూరెబుగ్గల వెనక, కిటికీ చువ్వల మధ్య, కౌసల్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆత్మకూరు అత్తగారింటికి పంపినప్పటినుంచి అతనికి ఆమె ఏడుపు ముఖమే గుర్తుంది.

"నవ్విందే అవ్వా ఇది" అన్నాడు తల్లితో. ఆ ఫొటోను బనీను జేబులో పెట్టుకున్నాడు. మిగతా అయిదూ ముత్తమ్మ వీధంతా తిప్పి చూపించింది. డబ్బా సంగతి కూడా వాటితోపాటే తిరిగింది.

ఆ వేసవికి గరిడేపల్లి నుంచి, చివ్వెంల నుంచి పిలుపులు వచ్చాయి. హైదరాబాదు నుంచి కొత్త పలకలూ వచ్చాయి. రాజారత్నం సంతోషంగా వాటిని పెట్టెలో సర్దబోయాడు.

"డబ్బా తీస్కపో, జనం ముఖం తిప్పుకొని వాళ్ల పనిల వాళ్లుంటరు" అంది రూతమ్మ, సంచి భుజాన వేసుకుంటూ. "పలకలు ఇంట్లనే పెట్టు."

నల్లడబ్బా ఆ తర్వాత నలభై ఒక్క పెళ్లిళ్లకు పోయింది. ఒక్క పెళ్లిలోనూ అందులో పలక లేదు.