వదిన గట్టు మీది డబ్బా

మా వదిన చేను గట్టు మీద ఒక కర్ర పాతి ఉంటుంది. దానికి తీగతో కట్టిన ఖాళీ రంగుల డబ్బా. వాన వెలవగానే ఆమె వచ్చి డబ్బాలో పుల్ల ముంచుతుంది. పుల్ల తడిసినంత మేర వేళ్లతో కొలుస్తుంది, నీళ్లు పారబోస్తుంది, ఇంటికి పోయి గోడ మీద బొగ్గుతో గీత గీస్తుంది. రెండు మూడు రోజుల్లో మూడు వేళ్ల వాన పడితేనే విత్తనం పెడుతుంది. సంగతి ఇంతే. కానీ ఆ డబ్బాను చూసి నేను కుళ్లుకున్నది ఇంతా అంతా కాదు.

వీపనగండ్ల దగ్గర మాది వాన మీదే బతికే చెలక వ్యవసాయం. బోరు లేదు. ఎత్తిపోతల కాలువ కింది ఊళ్లకు పారుతుంది, మా ఎత్తుకు ఎక్కదు. ఆ ఊళ్లవాళ్లను చూసి నేనెన్నడూ ఏడవలేదు. దూరంవాళ్ల మీద ఏడ్చే ఓపిక నాకు లేదు. పక్క చేను సంగతి వేరు. నాయన భూమి పంచినప్పుడు గట్టుకు ఇటు నాలుగెకరాలు నాకు, అటు నాలుగెకరాలు అన్నకు వచ్చాయి. అన్న సెంట్రింగ్ పనికి హైదరాబాద్ పోయాడు. అప్పటి నుంచి ఆ చేను వదినదే. ఆమె బీచుపల్లి వంతెన అవతల, రెండు నదుల నడుమ ఉన్న నడిగడ్డలో పుట్టిన మనిషి, మా చెలకల సంగతి ఆమెకేం తెలుసని నా ధీమా.

ఊళ్లో అందరికంటే ముందు విత్తేది నేనే. నాయన కూడా అంతే. మృగశిర కార్తెలో మొదటి వాన పడితే పొద్దు గూకేలోపు గింజ భూమిలో ఉండాలనేవాడు. ఆయన రోజుల్లో ఆ వాన వెనకే ఇంకో వాన వచ్చేది. ఇప్పుడు మొదటి వాన ఉరుములతో వచ్చి, మొహం చూపించి పోతుంది. తర్వాత ఇరవై రోజులు ఎండాకాలమే. ఇది నాకు తెలియక కాదు. నేను ఆగితే ఇంకొకడు ముందు విత్తుతాడు, అదే నా బాధ.

ఆ ఏడు కూడా మొదటి వానకే పత్తి గింజలు పెట్టించాను. వదిన తన డబ్బా చూసుకుని, వేలున్నరే పడిందని వెనక్కి పోయింది. వానకు కొలత పెట్టే మనిషిని మా ఇంట్లోనే చూశానని చాయ్ హోటల్లో అందరినీ నవ్వించాను. వారం తిరిగేసరికి మొలకలు లేచాయి. ఇంకో వారానికి అన్నీ మాడిపోయాయి. మళ్లీ ఒక జల్లు పడగానే మళ్లీ పెట్టించాను. అవీ పోయాయి. రెండోసారి పోయిన రోజు మా ఇంటామె నడుము పట్టుకుని గడప మీద కూర్చుంది.

"వంగేది నా నడుము. తొందరేమో నీది" అన్నది.

ఇంట్లో ఒక్క విత్తనం ప్యాకెట్ మిగల్లేదు. వానాకాలం చేను బీడు పడితే ఏడాదంతా ఏం తినాలో తెలియదు. అయినా నిజం చెప్పాలంటే, నన్ను నిద్రపోనివ్వనిది అది కాదు. వదిన గింజలు ఇంకా మూటలో భద్రంగా ఉన్నాయి. ఆమెవి కూడా రెండుసార్లు మాడి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

ఆరుద్ర కార్తె చివర్లో ఒక తుంపర పడింది. మర్నాడు తెల్లవారుజామున చెంబు నిండా నీళ్లు పట్టుకుని చేను దారి పట్టాను. పొద్దున్నే చెంబు పట్టుకుని పోయేవాణ్ని ఎక్కడికని ఎవరూ అడగరు. వదిన డబ్బాలో అర వేలు నీళ్లున్నాయి. చెంబు వంచి మూడు వేళ్లు దాటించాను. ఆమె విత్తుతుంది, మాడిపోతాయి, అప్పుడు గట్టుకు ఇటూ అటూ ఒకటే అవుతుంది. నా లెక్క అది.

పొద్దెక్కాక వదిన వచ్చింది. నేను నా చేనులో కంప సర్దుతున్నట్టు నిలబడ్డాను. ఆమె పుల్ల ముంచి కొలిచింది. మళ్లీ కొలిచింది. తర్వాత చేనులోకి దిగి గడ్డపారతో జానెడు లోతు తవ్వి, మట్టి పిడికిట్లో పట్టి పిసికింది. ముద్ద కాలేదు, పొడిపొడిగా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. డబ్బా వంచి నీళ్లన్నీ పారబోసి, నా వైపు వచ్చింది.

"డబ్బల పోసినవు, బాగనే ఉంది. భూమిల ఎవలు పోస్తరు?" అన్నది.

నాకేం తెల్వదన్నాను.

"ఇంట్ల బాత్రూం కట్టుకున్నంక పొద్దుగాల నీ చేతిల చెంబు జూసుడు ఇయ్యాలనే, మరిదీ" అని గడ్డపార భుజాన వేసుకుని పోయింది.

అన్నకు ఫోన్ చేసి చెబుతుందనుకున్నాను. మా ఇంటామెకు చెబుతుందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే కొట్లాడేవాణ్ని, నా కడుపు మంట కొంత చల్లారేది.

పునర్వసులో రెండు రోజులు పట్టిన వాన పడింది. ఊరంతా చేన్లలో ఉంది. వదిన పత్తి పెట్టించింది, నాలుగు సాళ్లకొకటి కంది సాలు వేయించింది, పత్తి దెబ్బతిన్నా కంది నిలబడుతుందని. నేను నా గట్టు మీద ఊరికే కూర్చుని చూశాను. మధ్యాహ్నం ఆమె ఒక సంచి తెచ్చి నా పక్కన పెట్టింది.

"పత్తి గింజలు నాకే సాలవు. కందులైతే ఉన్నయి. భూమిల పదును పోకముందే పెట్టు" అన్నది.

ఆ సంచి ముట్టుకోవడం నాకెంత కష్టమైందో చెప్పలేను. మా ఇంటామె వచ్చి సంచి ఎత్తుకుని చేనులోకి దిగింది. ఆమె వెనకే నేనూ దిగాను. ఆ ఏడు మేం తిన్నది ఆ కంది మీదే.

ఇప్పుడు నా గట్టు మీద కూడా ఒక డబ్బా ఉంది. మూడు వేళ్లు పడితే తప్ప, జానెడు తవ్వి చూస్తే తప్ప గింజ పెట్టను. చాయ్ హోటల్లో నన్ను చూసి నవ్వేవాళ్లున్నారు, నవ్వనీ. కానీ ఈ రోజుల్లో వాన గట్టుకు ఇటు ఒక తీరు, అటు ఒక తీరు పడుతుంది. అందుకే వాన వెలవగానే నా కాళ్లు ముందు వదిన డబ్బా దగ్గరికే పోతాయి. ఆమెకు నాకంటే అర వేలు ఎక్కువ పడితే ఆ పూట నాకు అన్నం సహించదు. ఈ గుణం పోతుందన్న ఆశ నాకు లేదు. చెంబు మాత్రం ఇంట్లోనే పెట్టి పోతున్నాను.