అమ్మ కాళ్లు పట్టుకున్న ఆదివారం

మూడు నెలలకోసారి మందుల కోసం వెళ్లే ఆసుపత్రిలో మొన్న నా పక్క కుర్చీలో ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె కూర్చుంది. ఊరికే పలకరింపుగా, ఎవరికి బాగోలేదమ్మా అని అడిగితే, "మాయమ్మకండి. బైపోలార్" అని, జ్వరమనో దగ్గనో చెప్పినంత తేలిగ్గా చెప్పి మళ్లీ బిస్కెట్లు తినడంలో పడిపోయింది. ఆటోలో ఇంటికి వస్తుంటే నా ఎనిమిదో ఏడు గుర్తొచ్చి, గాజువాక దాటేదాకా ఎటు పోతున్నానో కూడా నాకు తెలియలేదు. నా వయసువాళ్లు ఇలాంటి సంగతులు ఇంటి గోడల మధ్యే దాచుకుని పెరిగినవాళ్లు కనుక, మీతో చెప్పుకోవాలనిపించింది.

మాది పరవాడ పక్క పల్లె. ఉన్న కొద్దిపాటి మెట్టభూమితో గడవక నాన్న పోర్టులో సరుకులెత్తే కళాసీగా చేరాక, రైలు గేటు అవతల రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టాం. ఓడలకెత్తే ఇనుప ఖనిజం దుమ్ము ఎర్రగా వచ్చి దండెం మీది బట్టల మీద పడేది. ఆ దుమ్ము మీద అమ్మకి ఒక్కోసారి ఎంత పంతం వచ్చేదంటే, మా బట్టలు ఉతికింది చాలక వీధిలో అందరివీ అడిగి తెచ్చి, నవ్వుతూ పాడుతూ, వారం పది రోజులు నిద్రన్నదే లేకుండా ఉతుకుతూనే ఉండేది. ఆ రోజుల్లోనే నన్ను బడి మానిపించి భీమిలి బస్సెక్కించేది, పెట్టెలోని పట్టుచీర తీసి పక్కింటావిడకి ఇచ్చేసేది. నిజం చెప్పాలంటే ఆ అమ్మంటే నాకు ప్రాణం. ఆ తర్వాత ఏదో ఒక పొద్దున అమ్మ లేచేది కాదు. గోడవైపు తిరిగి నెలల తరబడి అలా పడుకునే ఉండిపోతే, నేనే వంకరటింకరగా జడ వేసుకుని బడికి పోయేదాన్ని. ఇంట్లో ఏ అమ్మ ఉందో తెలియక, సాయంత్రం వీధి మలుపులో ఆగి ముందు దండెం వైపు చూసేదాన్ని.

ఒకసారి ఆ హుషారు మరీ ఎక్కువై, అమ్మ పోర్టు గేటు దాకా పోయి నాన్న పై అధికారితో గొడవపడి వచ్చింది. నాన్న ఉద్యోగం పోతుందని ఇల్లంతా బెంగపడింది. పల్లె నుంచి వచ్చిన మా మేనత్త, నాన్నకి అక్క, ఇది గాలి సోకడమేనని తేల్చి, తగరపువలస అవతల్నుంచి ఒక మంత్రగాణ్ణి పిలిపించింది. ఆ ఆదివారం మధ్యాహ్నం తలుపులు మూసి, గదినిండా ఎండుమిరపకాయల పొగ పెట్టి, ఇద్దరు మగవాళ్లు అమ్మ చేతులు అదిమి పట్టుకున్నారు. కాళ్ల దగ్గర మాత్రం ఎవరూ నిలవలేకపోయారు, అమ్మ అంతలా తన్నుతోంది. మేనత్త నన్ను ముందుకు తోసింది.

"ఓలే గుంటా, నువ్వట్టుకోయే. మీయమ్మ నిన్నయితే తన్నదు."

నేను పట్టుకున్నాను. అత్త చెప్పింది నిజమే, నా చేతులు తగలగానే అమ్మ కాళ్లు ఆగిపోయాయి. బెత్తం దెబ్బలు పడుతుంటే అమ్మ తలెత్తి నన్నే చూస్తూ, "ఒగ్గీ అమ్మా, ఒగ్గీ" అంది. వదలకుండా పట్టుకుంటే నయమవుతుందన్నారు కదా, నేను వదల్లేదు. నాన్న అరుగు మీద వీధివైపు తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు, దాన్నే అందరూ నయం కావడం అనుకున్నారు. మా ఇంట్లో ఆ ఆదివారం గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నాకు పాతికేళ్లప్పుడు, అప్పటికి దువ్వాడ బడిలో పిల్లలకి పాఠాలు చెబుతున్నాను, నాకూ నిద్ర లేని హుషారు వచ్చింది, దాని వెనకే లేవలేని నీరసమూ వచ్చింది. స్టీలు ప్లాంటులో పనిచేసే మా ఆయన ఎవరి మాటా వినకుండా నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని డాక్టరుగారు అడిగినప్పుడు, పదిహేడేళ్లుగా ఎవరికీ చెప్పని ఆ ఆదివారం నా నోటి నుంచి దానంతటదే బయటికి వచ్చింది. ఆయన కలం పక్కన పెట్టి, "ఎనిమిదేళ్ల పిల్లవి. నువ్వు వదిలేస్తే మాత్రం వాళ్లు ఆగేవారా?" అన్నారు. ఆగరని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ బరువు దిగలేదు. లిథియం రాసి, రక్తంలో మందు ఎంత ఉందో పరీక్ష చేయించుకుంటూ ఉండాలనీ, మన ఊరి చెమటకి నీళ్లు బాగా తాగాలనీ, ఉప్పు మానకూడదనీ చెప్పారు. వెళ్లినప్పుడల్లా, లోపల ఎలా ఉంటోందని అడిగి, ఆ ఆదివారం గురించి కొంచెం కొంచెంగా నా చేత చెప్పించుకునేవారు. ఏడాది తిరిగేసరికి నేను మళ్లీ బడికి వెళ్లాను.

నా జబ్బు పేరు విన్నప్పుడే అమ్మ జబ్బు పేరూ విన్నాను. ఎంతో ఆశతో అమ్మని తీసుకుపోయాను. ఈమెకీ లిథియమే పనిచేస్తుంది, ముందు రక్తపరీక్ష చేయించండి అన్నారు డాక్టరుగారు. నర్సు వచ్చి మణికట్టు పట్టుకుందో లేదో, అమ్మ కుర్చీలోంచి జారి గోడమూలకి పోయి ముడుచుకుపోయింది. "మీరు కొంచెం గట్టిగా పట్టుకోండి మేడమ్, ఒక్క నిమిషం పని" అంది నర్సు. నేను దగ్గరికి వెళ్లి వంగాను. అమ్మ నా మొహంలోకి చూసింది.

"మళ్లీ అట్టుకుంతావేటమ్మా?" అంది, చాలా మెల్లిగా.

నా చేతులు ముందుకు రాలేదు. రెండేళ్లలో నాలుగుసార్లు ప్రయత్నించాం, ఒకసారి ఇంటికే మనిషిని పిలిపించాం, చేయి పట్టుకోగానే అలాగే మూలకి పోయి ముడుచుకునేది. పరీక్ష లేకుండా ఆ మందు ఇస్తే ప్రాణానికి ముప్పని డాక్టరుగారు ఇవ్వలేదు, అది ఆయన తప్పు కాదు. వేరే మాత్రలు ఇచ్చారు. వాటికి అమ్మ చేతులు వణికి అన్నం ముద్ద నోటిదాకా వెళ్లేది కాదు. కొన్నాళ్లు వేసుకునేది, కొన్నాళ్లు మానేసేది. నాకు నయం చేసిన మందు నా సంచీలోనే ఉండేది, అమ్మకి ఇవ్వలేకపోయేదాన్ని. అలా పదకొండేళ్లు గడిచాక, గోడవైపు తిరిగి పడుకున్న ఒక వానాకాలంలో, జ్వరం వచ్చిన సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు. మాకు తెలిసేసరికి ఊపిరితిత్తులు పాడయ్యాయి, మూడు రోజుల్లో పోయింది.

మేనత్త ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. చివరి రోజుల్లో చూడటానికి వెళ్తే, నేనేమీ అడక్కుండానే ఉన్నట్టుండి, "నాను మంచికే సేసినానే గుంటా. మాకేటి తెలుసు?" అని ఏడ్చింది. ఎంతో కాలంగా దాచుకున్న కోపం ఆ ముడతలుపడ్డ మొహం ముందు ఎక్కడ పెట్టాలో తెలియక, అవునత్తా అని చెప్పి వచ్చేశాను.

ఇప్పుడు మా అబ్బాయి, అన్నం తిన్నావా అని అడిగినట్టే మాత్ర వేసుకున్నావా అని అడుగుతాడు, కోడలు ఫోనులోనే డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకుంటుంది. కాలం మారింది, మంచికే మారింది. అమ్మని ఏం చెయ్యాలా అని ఆ రోజుల్లో నాన్న, అత్త, ఆఖరికి నేనూ ఎంతో మాట్లాడుకున్నాం గాని, నీకు లోపల ఎలా ఉంటుందే అని అమ్మని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నన్ను డాక్టరుగారు అడిగారు కనుకే నేను బతికాను, అయినా అమ్మని అదే అడగాలని నాకూ తోచలేదు. ఒకే జబ్బున్న ఇద్దరం, అమ్మ బాగున్న సాయంత్రాల్లో వంటింటి గుమ్మంలో పక్కపక్కనే కూర్చుని, రేపటికి ఏ చేప తేవాలా అని మాట్లాడుకునేవాళ్లం.