ఎవరి తూటా వాళ్ళదే

మోంటానాలో మా చుట్టుపక్కల చాలామందిలాగే మా అక్క లొరెట్టా కూడా, కాల్చేసిన తూటాల తొడుగులు ఏరుకొచ్చి ఇంట్లోనే మళ్ళీ మందు నింపుతుంది. మధ్యలో ఫోన్ మోగిందంటే పోసిందంతా డబ్బాలోకి ఒంపేసి మొదటికొస్తుంది. పొరపాటున ఒకే తొడుగులో రెండుసార్లు మందు పడితే తుపాకీ మొహం మీదే పేలుతుంది. మా బావ హాల్వర్‌దీ అదే పద్ధతి, కాకపోతే ఆయన మందు నింపే బల్ల వేరు. ఒకరు నింపిన తూటా ఇంకొకరు కాల్చకూడదన్నది ఇక్కడి కట్టుబాటు.

కిందటేడు వేటకెళ్తే బావ తన తూటాలు ట్రక్కులోనే మర్చిపోయాడు. ఎదురుగా బలిసిన ఎల్క్ దుప్పి. దాన్ని కొట్టే అనుమతి ఆయనకే ఉంది. ఇద్దరి తుపాకులూ ఒకే రకం కాబట్టి అక్క తన తూటా అందించింది. బావ తల అడ్డంగా ఊపాడు.

"ముప్పై ఏళ్ళుగా నా చేతి వంట తింటున్నావు," అంది అక్క గుసగుసగా.

"వంట పేలదు కదే."

దుప్పి తాపీగా పొదల్లోకి వెళ్ళిపోయింది. సగం మాంసం నాదేనని వచ్చిన నాకు ఒళ్ళు మండింది.

అక్క తూటా జేబులో వేసుకుంది. "తీసుకుంటాడేమో చూద్దామనే ఇచ్చాను. తీసుకునుంటే విడాకులిచ్చేదాన్ని," అంది, బావని మురిపెంగా చూస్తూ.

ఆ చలికాలమంతా నేను కొట్లో కోడి కొనుక్కు తిన్నాను.