అందరూ పట్టే బండి

మా పెదనాన్న వ్యాను కొనాలని నిర్ణయించుకున్న ఏడు నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. పటమటలో కొత్తగా కట్టిన మేడలో మూడు కాపురాలు కలిసి ఉండేవాళ్ళం. పెదనాన్న, మా నాన్న, బాబాయి, వాళ్ళ భార్యాపిల్లలు, నాయనమ్మ, వీళ్ళు కాక ఎప్పుడూ ఉండే ఇద్దరు ముగ్గురు చుట్టాలు. వన్ టౌన్‌లో మాకు ఎండుచేపల టోకు కొట్టు ఉండేది. తాతయ్య బందరు నుంచి గంప నెత్తిన పెట్టుకొచ్చి మొదలుపెట్టిన వ్యాపారం అది. ఆ గంప సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. మగవాళ్ళు కొట్టు నుంచి రాగానే పెరట్లో స్నానం చేసి గానీ ముందుగదిలోకి వచ్చేవారు కాదు. ఏం వ్యాపారమని కొత్తవాళ్ళు అడిగితే పెదనాన్న "హోల్‌సేలండి" అని ఊరుకునేవారు.

అప్పటికి మాకొక పాత కారు ఉండేది. పెళ్ళికో, సినిమాకో బయల్దేరితే అది రెండు మూడు ట్రిప్పులు తిరగాల్సి వచ్చేది. ఒకసారి గుణదల తిరునాళ్ళకు మొదట వెళ్ళినవాళ్ళు కారు అక్కడే ఉంచుకుని, కొండెక్కి, దిగి, జీళ్ళు కొనుక్కుని ఇంటికొచ్చేదాకా మిగతా మేము పట్టుచీరలతో గేటు దగ్గరే నిలబడి ఉన్నాం. ఆ రోజు నాయనమ్మ గట్టిగానే విసుక్కుంది. అందరూ పట్టే బండి ఒకటి కొంటున్నామని పెదనాన్న ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పారు.

ఇక ఆ నెలంతా ఇంట్లో అదే మాట. బాబాయికి ఇంకో కారు కావాలి, రెండు కార్లు గేటులో ఉంటే ఆ దర్జా వేరన్నాడు. పెద్దమ్మకు వ్యాను కావాలి, కిటికీలకు పరదాలు ఉండాలి. నాయనమ్మ తన మోకాళ్ళకు అందేంత ఎత్తులో మెట్టు ఉంటే చాలంది. పిల్లలు రంగుల గురించి పోట్లాడుకున్నారు. మా అమ్మను ఎవరూ అడగలేదు.

అమ్మ పుట్టిల్లు దివిసీమ చివర, సముద్రం ఒడ్డున. బస్సు దిగాక ఇసుకలో చాలా దూరం నడవాలి. అక్కడ అమ్మమ్మ, మావయ్య ఉండేవారు. మావయ్య పడవ మీద వేటకు వెళ్ళేవాడు. కొట్టు పెట్టిన తాతయ్య బతికుండగా ఆ ఊరి సరుకే మా కొట్టుకు వచ్చేదట. ఆ స్నేహంతోనే అమ్మను కోడలిగా తెచ్చుకున్నారు. మేడ కట్టాక ఆ చుట్టరికం మావాళ్ళకు బరువైంది. మావయ్య వస్తే వెనక వరండాలో చాప వేసేవారు. అతను వెళ్ళాక పెద్దమ్మ ఆ చాప తనే తీసి ఎండలో వేసేది, అమ్మ చూస్తుండగానే.

అమ్మమ్మకు రెండు కళ్ళలో శుక్లాలు ముదిరిపోయి చూపు ఆనడం లేదు. విజయవాడ తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాలని అమ్మ కోరిక. నడుము పడిపోయిన ఆ ముసలావిడ ఇసుకలో నడవలేదు. బస్సులో కూర్చోలేదు.

ఒక ఆదివారం పెదనాన్న మమ్మల్నందరినీ ఆటోనగర్‌కు తీసుకెళ్ళారు. లారీలకు, వ్యాన్లకు బాడీలు కట్టే షెడ్డు అది. పైన రేకులు, కింద నూనె మరకల నేల. కట్టబోయే వ్యాను ఇంకా చెక్క చట్రంగానే ఉంది. పెదనాన్న మమ్మల్ని వరసగా అందులో కూర్చోబెట్టి, ఎవరి మోకాళ్ళు ఎక్కడ తగులుతున్నాయో చూసి, సీట్లు ఎంత దూరంలో బిగించాలో మేస్త్రీకి చెబుతున్నారు. నాయనమ్మ ముందు సీటులో కూర్చుని చుట్టూ చూసి నవ్వింది. అందరూ పట్టారు. నేనూ సంబరపడ్డాను.

ఆ షెడ్డు మూలన ఏదో ప్రభుత్వ ఆఫీసు వేలం వేసిన పొడుగాటి జీపు ఒకటి ఉంది. పైన గుడ్డ టాపు, వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు. అమ్మ దాని పక్కన నిలబడి చక్రం మీద చెయ్యి వేసి చూస్తోంది. ఇది ఇసుకలో వెళ్తుందా అని అక్కడున్న కుర్రాణ్ణి అడిగింది. సముద్రం దాకా వెళ్తుందమ్మా అన్నాడు వాడు. అప్పుడు మా అమ్మ, బావగారి ఎదుట ఎప్పుడూ నోరు విప్పని మనిషి, తల మీద కొంగు సర్దుకుని పెదనాన్న దగ్గరికి వచ్చింది.

"బావగారూ, ఆ జీపు తీసుకుంటే మా ఊరి దాకా వెళ్తుందంట. మా అమ్మని కళ్ళ ఆసుపత్రికి తీసుకొద్దామని..."

పెదనాన్న కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడేవారు కాదు. "మన చుట్టరికాలన్నీ తారు రోడ్ల మీదే ఉన్నాయి కదమ్మా. ఇసుకలో మనకేం పని?" అన్నారు.

బాబాయి నవ్వాడు. అమ్మ మా నాన్న వైపు చూసింది. నాన్న చట్రంలోని చెక్కను వేలితో తట్టి, ఇది టేకేనా అని మేస్త్రీని అడిగారు.

వ్యాను వచ్చింది. లేత నీలం రంగు, పెద్దమ్మ అడిగిన పరదాలు, మెత్తటి సీట్లు. కొబ్బరికాయ కొట్టి మొదట అమ్మవారి కొండకు, తరవాత మంగళగిరికి, ఆపైన అన్నవరానికి వెళ్ళాం. అమ్మ కూడా వచ్చేది. కుటుంబమంతా ఒక్క బండిలో దిగుతుంటే పెళ్ళివారు లేచి ఎదురొచ్చేవారు. పెదనాన్న చివరగా దిగి తలుపు తనే వేసేవారు.

అమ్మ ఆశ వదులుకోలేదు. మావయ్యతో మాట్లాడి ఒక ఏర్పాటు చేసుకుంది. ఊళ్ళోవాళ్ళు అమ్మమ్మను నులకమంచం మీద రోడ్డు దాకా మోసుకొస్తారు. వ్యాను రోడ్డు మీదే ఆగితే చాలు, ఇసుకలో దిగక్కర్లేదు. ఆ మాట నాన్న చేత చెప్పించింది. పెదనాన్న సరే అన్నారు. ముందు పెద్దమ్మ చెల్లెలి కూతురి పెళ్ళి అయిపోనీ అన్నారు. తరవాత, వర్షాలు తగ్గాక అన్నారు. ఆ తరవాత ఎండాకాలం కళ్ళకు మంచిది కాదన్నారు. ఒక మధ్యాహ్నం వంటింట్లో పెద్దమ్మ మా పిన్నితో అంటుంటే నేనే విన్నాను, ఒక్కసారి ఆ వాసన పట్టిందంటే సీట్ల గుడ్డ మొత్తం మార్చాల్సిందేనని. అమ్మ అక్కడే కూర్చుని చింతపండు పిసుకుతోంది. ఆమె చెయ్యి ఆగలేదు.

ఆ మరుసటి నవంబరులో ఉప్పెన వచ్చింది.

విజయవాడలో మాకు ఆ రాత్రి గాలీ వానా మాత్రమే తెలిసింది. పెరట్లో మునగచెట్టు పడింది. తీరాన ఏం జరిగిందో తెలియడానికి సమయం పట్టింది. తెలిసిన దగ్గర్నుంచి అమ్మ గేటు వదల్లేదు. తీసుకెళ్ళమని నాన్నను అడిగింది. దారులు మూసేశారన్నారాయన. ఈలోగా వన్ టౌన్ వర్తకులంతా కలిసి బియ్యం, పాత బట్టలు పోగుచేశారు. మా వ్యాను ఇస్తానని పెదనాన్న అందరి ముందూ ఒప్పుకున్నారు. సీట్లు ఊడదీసి వసారాలో పెట్టారు. బియ్యం బస్తాలు ఎక్కించారు. వెళ్ళడానికి మగవాళ్ళు సిద్ధమయ్యారు. అమ్మ చేతిసంచితో వచ్చి నిలబడింది.

"అది ఆడవాళ్ళు చూసే చోటు కాదమ్మా," అన్నారు పెదనాన్న.

"అక్కడున్నదీ ఆడవాళ్ళే బావగారూ," అంది అమ్మ.

ఆమె బస్తాల మీదికి ఎక్కి కూర్చుంది. నేను వెనకే ఎక్కాను. వీధిలో జనం చూస్తున్నారు కాబట్టి పెదనాన్న మమ్మల్ని దించలేకపోయారు. ఆయన ఇంట్లోనే ఉండిపోయారు. నాన్న డ్రైవరు పక్కన కూర్చున్నారు.

అవనిగడ్డ దాటాక రోడ్డు లేదు. ఉన్నచోట తాటిచెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. చెట్లు నరికి పక్కకు లాగినచోట బురద. చచ్చిన గొడ్లు పొలాల్లో ఉబ్బిపోయి ఉన్నాయి. మిగతావి నేను రాయను. మా వ్యాను ఒక పక్కకు ఒరిగి ఇరుసుదాకా దిగబడింది. జీపులు, ట్రాక్టర్లు మమ్మల్ని దాటుకుని వెళ్తున్నాయి. ట్రాక్టరుతో ఎవరైనా లాగుతారు, కాసేపు ఉండమన్నారు నాన్న. అమ్మ చెప్పులు చేత పట్టుకుని దిగి నడవడం మొదలుపెట్టింది. నేను ఆమె వెంట నడిచాను. నాన్న బియ్యానికి కాపలా ఉండిపోయారు.

మావయ్య ఒక బడి వరండాలో దొరికాడు. ఒంటి నిండా గీసుకుపోయిన గాయాలు. ఎవరిదో చొక్కా వేసుకుని ఉన్నాడు. అమ్మను చూసి లేవలేదు. అమ్మే అతని పక్కన కూర్చుంది. ఆ రాత్రి అమ్మమ్మ అన్న మాటలు చెప్పాడు.

"ఏంట్రా ఆ సద్దు అనడిగిందక్కా. గాలమ్మా అన్నాను. గాలి కాదురా, బండేదో వస్తన్నట్టుంది, అక్క గానీ బండి పంపిందేమో చూడు అంది. అంతలోకే నీళ్ళు."

అతను తాటిచెట్టు ఎక్కి బతికాడు. అమ్మమ్మ చెయ్యి ఎక్కడ జారిపోయిందో అతనికి తెలియదు. శవం ముందు రోజు దొరికితే, మిగతా వాళ్ళతో పాటు పూడ్చేశారు. చోటు చూపిస్తానన్నాడు. అమ్మ వెళ్ళింది. కొత్తగా తవ్విన ఆ పొడుగాటి మట్టిదిబ్బలో ఏది ఎవరిదో చెప్పే వీలు లేదు. అమ్మ ఒక చివర నుంచి రెండో చివర దాకా నడిచి వచ్చింది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

మావయ్యను తీసుకుని మేము ముగ్గురం ఎవరిదో లారీలో తిరిగొచ్చాం. వ్యానును ట్రాక్టరుతో లాగించాక నాన్న దాంతో వెనక వచ్చారు. ఇంట్లో ఈసారి అందరూ మంచిగానే ఉన్నారు. ముందుగదిలోనే మంచం వేశారు. పలకరించడానికి వచ్చినవాళ్ళకు పెదనాన్న అతన్ని చూపించేవారు. మావయ్య అక్కడ ఎక్కువ రోజులు ఉండలేకపోయాడు. ఒక తెల్లవారుజామున అమ్మకు చెప్పి వెళ్ళిపోయాడు. నిజాంపట్నం వైపు ఏదో పడవలో చేరాడని తరవాత తెలిసింది.

వ్యానును కడిగించి, సీట్లు మళ్ళీ బిగించారు. అమ్మ ఆ తరవాత అందులో ఎక్కలేదు. తలనొప్పి అనేది, వంట ఉందనేది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. బండిలో కాళ్ళు చాపుకునే చోటు దొరికిందని పిల్లలు సంతోషించారు.

ఉప్పెన ప్రాంతానికి మా పేట నుంచి అందరికన్నా ముందు వెళ్ళింది మా బండేనని పెదనాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఆ ఒరిగిపోవడం, ట్రాక్టరుతో లాగించడం, అన్నీ తనే అక్కడుండి చూసినట్టు చెప్పేవారు. ఒకసారి పెళ్ళి సంబంధం మాట్లాడటానికి పెద్దమనుషులు వచ్చినప్పుడు అమ్మ కాఫీ పట్టుకుని వచ్చింది. ఆయన అదే చెబుతున్నారు. అమ్మ గ్లాసులు అందరికీ అందించి, నెమ్మదిగా అంది.

"ఆ బండి మా అమ్మ కోసం ఏడాదిన్నర కదల్లేదండి. కదిలేటప్పటికి ఆవిణ్ణి పూడ్చేశారు."

పెదనాన్న కాఫీలో పంచదార తక్కువైందని లోపలికి కేకేశారు. ఆ సంబంధం కుదిరింది కూడా.

పెదనాన్న ఆ కథ చెప్పడం మానలేదు. అమ్మ వంటింట్లో ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టేవారు. మా నాన్న పక్క కుర్చీలో కూర్చుని, ఔనౌనని తల ఊపేవారు.