బావి చేపలకు అన్నం పెట్టిన పాపం

మెదక్‌లో మా గల్లీని, పసిపిల్లలతో సహా, దోమల నోటికి అందించిన మహాతల్లి ఎవరని అడిగితే ఎక్కడా వెతకనక్కర్లేదు. నేనే. చేపల బాలమణిని. మార్కెట్లో గంప ముందు కూర్చుని ముప్పై ఏళ్లు దాటినదాన్ని. నేను చేసిన ఘనకార్యం విని మీరు నవ్వుతారు. నవ్వండి, పన్నేమీ లేదు. నేను తల దించుకుంటానని మాత్రం ఆశపడకండి. సంతకం దాటి నాకు రాయడం రాదు కాబట్టి నేను చెబుతుంటే స్వరూప రాస్తోంది. అక్కడక్కడ కలం ఆపి "ఇది వద్దులే పెద్దమ్మా" అంటోంది. వద్దేమిటి? ఉన్నదున్నట్టు రాయమంటున్నాను.

స్వరూప మా వార్డులో దోమల పని చూసే మనిషి. ఇంటింటికీ తిరిగి కూలర్లలో, పాత టైర్లలో, పూలకుండీల కింద నిలిచిన నీళ్లు పారబోయిస్తుంది. ఐదేళ్ల కింద నా పెనిమిటికి డెంగీ జ్వరం ముదిరితే ఆటో పిలిచి, దవాఖానలో మంచం ఇప్పించి, ఆయన కన్ను మూసేదాకా నా పక్కన కూర్చున్నది ఆమే. అన్నదమ్ములు కాదు, ఆడబిడ్డలు కాదు, ఆమే.

ఆ తర్వాతే స్వరూప ఆఫీసు వాళ్లు మా గల్లీ మూలనున్న పాత చేదబావిలో దోమ చేపలు వదిలారు. ఇళ్లకు నల్లా నీళ్లు వచ్చాక ఆ బావిని దోమలు తప్ప ఎవరూ పట్టించుకోవడం లేదు. చిటికెన వేలంత కూడా ఉండవు ఆ చేపలు. నీళ్లలో దోమ పిల్లలు కదిలితే చాలు, మింగేస్తాయి. రెండు వానాకాలాలు మా గల్లీలో ఎవరూ జ్వరంతో మంచమెక్కలేదు.

మూడో వానాకాలం ముందు స్వరూప మొహం వేలాడేసుకుని వచ్చింది.

"ఏమైందే?"

"మన దోమల ప్రోగ్రాం గడువు అయిపోయింది పెద్దమ్మా. కొత్త ప్లాన్ వస్తదంట. అది వచ్చేదాంక పాతదాన్నే పొడిగిస్తున్నమన్నరు."

"పొడిగిస్తే మంచిదే గదా! గా మొఖమేంది?"

"కాయిదం మీదనే పొడిగిచ్చిన్రు. మందు రాదు, నీళ్ల మీద పోసే నూనె రాదు, కొత్త చేపలు రావు. ఉన్నదానితోనే నెట్టుకరావాలె. అది గూడ అందరికి గాదు. పెద్ద సారు తిరిగి చూసి, పని మంచిగున్న వార్డులనే లిస్టుల పెడ్తడు. మన బావిల చేపలు సచ్చినయనుకో, మన వార్డు ఎగిరిపోతది. నేను ఇంట్ల కూసుంట."

ఆమె ఇంట్లో కూర్చుంటే మా గల్లీలో ఇంకో ఆడది నాలాగే దవాఖాన మెట్ల మీద కూర్చుంటుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంటే చేపలు బతకాలె. గంతేనా?"

"గంతే పెద్దమ్మా. నాకేమో ఇంకో రెండు వార్డులు గూడ నెత్తిమీదేసిన్రు. రోజూ ఈ బావికాడికి రాలేను."

"నువ్వెవరితోని మాట్లాడుతున్నవే? చేపల బాలమణితోని! నా చేతిల చేప సచ్చిందంటే అది బేరం కుదిరినంకనే. బావి నా జిమ్మ, నేను చూసుకుంట. నువ్వు పో."

ఇదిగో, సరిగ్గా ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది.

మరునాడు పొద్దున్నే బావిలోకి తొంగి చూశాను. చేపలమ్మే దాని కన్ను కదా, ముందు ఒళ్లు చూస్తుంది. చేపలన్నీ తూప్రాన్ నుంచి బస్సులో నిలబడి వచ్చిన వాళ్లలా నీరసించి ఉన్నాయి. ఎముకా తోకా తప్ప ఏమీ లేదు. ఇంత పని చేయించుకుంటూ ఒక్క మెతుకు వేసిన పాపాన ఎవడూ పోలేదే! ఇంటికి వెళ్లి తవుడులో పల్లిపిండి కలుపుకొచ్చి గుప్పెడు చల్లాను.

బావి ఎదురుగా ఖాజా భాయ్ దర్జీ దుకాణం. మిషన్ ఆపి మెడ చాచాడు.

"బాలమణక్కా, అవి దోమలను తింటయ్ గదా?"

"దోమపిల్లతోని కడుపు నిండుతదా భాయ్? శుక్రవారం శుక్రవారం బిర్యానీ తినేటోనివి, ఆకలి సంగతి నీకేం ఎరుక?"

పాపం, ఆయన మళ్లీ మిషన్ తొక్కుకున్నాడు. ఇంకో మాట గట్టిగా అని ఉంటే బాగుండేది. అన్నా నేను వినేదాన్ని కాదనుకోండి, అది వేరే సంగతి.

పొద్దున తవుడు, పల్లిపిండి. పగటిపూట అన్నం, మెత్తగా పిసికి. ఆదివారం కోడిగుడ్డు పచ్చసొన. నన్ను చూసి గల్లీ మొత్తం పుణ్యానికి ఎగబడింది. పుట్టినరోజు కేకు ముక్కలు పడ్డాయి, మిగిలిన బగారా అన్నం పడింది. నెల తిరిగేసరికి చేపలు నున్నగా, గుండ్రంగా తయారయ్యాయి. నా చెప్పుల చప్పుడు వింటే చాలు, పార్టీ మీటింగులో పొట్లాల దగ్గర జనంలా నోళ్లు తెరుచుకుని పైకొచ్చేవి. నేను వాటికి పేర్లు కూడా పెట్టాను. ఆ పేర్లు రాయనని స్వరూప మొరాయిస్తోంది, పోనీలే.

ఈలోపు వానలు మొదలయ్యాయి, వాటితోపాటు దోమలూ. ఖాజా భాయ్ ఒక కుట్టు వేసి రెండుసార్లు చెంప చరుచుకుంటున్నాడు. ఒక జాకెట్టుకు మూడు చేతులు కుట్టాడని వినికిడి.

"అక్కా, దోమలు మస్తయినయి."

"వానాకాలంల దోమలు గాక నెమళ్లొస్తయా?"

స్వరూప పిచ్చిదానిలా ఇళ్లన్నీ గాలించింది. టైర్లు దొర్లించింది, కూలర్లు బోర్లించింది. "బావి ఎట్లుంది పెద్దమ్మా?" అని రోడ్డు మీది నుంచే అడిగేది. "నా చేపలు పహిల్వాన్ల లెక్కున్నయి. నువ్వు ఇంకోదిక్కు చూడు!" అని నేను ఇంకోదిక్కే చూపించేదాన్ని.

పెద్ద సారు రానే వచ్చాడు. కళ్లద్దాలు, చేతిలో లిస్టు, ఇంకో చేతిలో పొడుగు కర్రకు బిగించిన తెల్ల గరిటె. నేను ఉతికిన చీర కట్టుకుని ఎదురెళ్లాను.

"సార్, ముందుగాల మా బావి చూడుండ్రి. మిగిలినయన్ని తర్వాత."

నా చెప్పుల చప్పుడుకు చేపలన్నీ పైకి తేలాయి. సారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇంత లావు దోమ చేపల్ని నేనెక్కడా చూడలేదమ్మా!"

"ఎక్కడ చూస్తరు సార్, ఎక్కడా లేంది!"

గరిటె ముంచి తీశాడు. తెల్లని గిన్నెలో నల్లగా, తోకలాడిస్తూ, దోమ పిల్లలు కిటకిటలాడుతున్నాయి. ఇంకోపక్క ముంచాడు. ఇంకా ఎక్కువ. స్వరూప మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఈ చేపలు ఏం తింటున్నాయమ్మా?"

నా ఖర్మ చూడండి, అప్పుడు కూడా నాకు వెలగలేదు. ఛాతీ విరుచుకుని చెప్పాను. "పొద్దుగాల తవుడు, పల్లిపిండి. పగటీలి అన్నం. ఐతారం కోడిగుడ్డు. నా బిడ్డల లెక్క సాకుతున్న సార్!"

సారు నన్ను చూశాడు. చేపల్ని చూశాడు. "కడుపు నిండిన చేప దోమపిల్లను ఎందుకు తింటుందమ్మా?"

స్వరూప నా వైపు తిరిగింది. "ఆకలే గదా పెద్దమ్మా వాటి నౌకరి."

"నేను ఆ రోజే చెప్పిన," అన్నాడు ఖాజా భాయ్.

"నువ్వు సగమే చెప్పినవ్! నోర్మూసుకో!"

సారు జేబులోంచి పెన్ను తీశాడు. మా వార్డు పేరు మీద గీత పడబోతోంది. స్వరూప కొంగు నోట్లో కుక్కుకుంది. నేనేం చేయాలి? కాళ్ల మీద పడనా? నాకు ఆ అలవాటు లేదు. వెళ్లి లిస్టు మీద అరచెయ్యి పెట్టాను. చేతికి బొచ్చె చేప పొలుసులు అంటుకునే ఉన్నాయి.

"పెన్ను జర ఆపుండ్రి సార్. మీ కొత్త ప్లాన్ ఎప్పుడొస్తది?"

"వస్తుందమ్మా. తయారవుతోంది."

"ఎప్పటిసంది తయారైతుంది?"

సారు దగ్గాడు.

"అది తయారు గాలేదనే గదా పాతదాన్ని పొడిగిచ్చిన్రు? మరి మా చేపలకు ఆకలి తయారు గావద్దా? తప్పు నాది. రాసుకోండ్రి, బాలమణి తిండి పెట్టి చెడగొట్టిందని. స్వరూపకేం సంబంధం లేదు. మీకు మీరు ఏండ్లకేండ్లు పొడిగిచ్చుకుంటరు, మా బావికి పది రోజులు పొడిగియ్యలేరా?"

గల్లీలో ఎవరో కిసుక్కుమన్నారు. సారు పెదవి కూడా కాస్త వంకర తిరిగింది. లిస్టు మీంచి పొలుసులు దులుపుకుంటూ, "పది రోజులు. పదకొండో రోజు వస్తా," అన్నాడు.

ఆ పది రోజులు నేను పడ్డ బాధ పగవాళ్లకు కూడా వద్దు. నా చప్పుడుకు చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేవి. చెప్పులు విడిచి వట్టి కాళ్లతో నడిచాను. రెండో రోజు ఖాజా భాయ్ రొట్టె ముక్క విసురుతూ దొరికిపోయాడు.

"భాయ్!"

"ఒక్క ముక్కనే అక్కా. నా దిక్కే చూస్తున్నయ్."

"చూస్తే చూడనియ్యి! స్వరూప దిక్కు ఎవరు చూడాలె?"

ఇక లాభం లేదని గంప, కత్తిపీట, తక్కెడ తెచ్చి బావి గట్టు పక్కనే దుకాణం పెట్టాను. మెతుకు పట్టుకొచ్చిన ప్రతివాడి వంకా కత్తిపీట మీంచి ఒక చూపు చూసేదాన్ని. మెతుకు వాడి నోట్లోకే పోయేది. నాలుగో రోజుకు చేపలు పైకి రావడం మానేశాయి. అలిగాయనుకున్నాను. ఏడో రోజు తొంగి చూస్తే అడుగున బాణాల్లా దూసుకుపోతున్నాయి. పనిలో పడ్డాయి!

పదకొండో రోజు సారు బావికి నాలుగు పక్కలా ముంచాడు, నడిమధ్య ఇంకోసారి. తెల్ల గరిటెలో తేట నీళ్లు తప్ప నలకైనా లేదు. లిస్టులో మా వార్డు పక్కన టిక్కు పెట్టాడు. స్వరూప వచ్చి నన్ను వాటేసుకుంది, చేపల కంపు కూడా చూడకుండా.

సారు ఖాజా భాయ్ దుకాణం మెట్టు మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. "రెండుసార్లు తిప్పించావమ్మా. ఒక చాయ్ అయినా పొయ్యవా?"

"పొయ్య సార్."

గల్లీ అంతా నోరు తెరిచింది.

"కడుపు నిండితే పని చెయ్యరని మీరే నేర్పిన్రు గదా. గిట్లనే ఆకలితోని పోయి, ఆ కొత్త ప్లానేందో జల్ది పట్టుకరాండ్రి."

అదీ సంగతి. ఇక నా తక్కెడ మీద చెయ్యి పెట్టి, మీ అందరి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: సర్కారు కొలువులో ఉన్న ఏ ప్రాణికీ, అది నీళ్లలో ఈదేదైనా, కుర్చీలో కూర్చునేదైనా, ఈ జన్మలో నా చేత్తో ఒక్క మెతుకు పెట్టను. స్వరూపకు మాత్రం రోజూ పగటిపూట చేపల పులుసుతో అన్నం పెడుతున్నాను. ఒట్టు తప్పినట్టేమీ కాదు. కొత్త ప్లాన్ ఇంకా రాలేదు. ఆమెను ఇప్పటికి మూడుసార్లు పొడిగించారు గానీ, సర్కారు కొలువులోకి మాత్రం తీసుకోలేదు.