రంగం రేవులో పనస జిగురు

నన్ను చూసి తెల్లదొర డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడంటే మీరు నమ్మరు. నాకు రోగమేమీ లేదు. ఆ పొద్దున్నదాకా బాగానే ఉన్నాను. తరవాత పనసపండు కోశాను, అంతే.

అప్పట్లో మా ఉద్దానం నుంచి ఎవరు ఊరు విడిచినా రంగమే. రంగమంటే రంగూను, బర్మా దేశం. అక్కడ బియ్యం మిల్లులో తూకాల దగ్గర పని ఇప్పిస్తానని రంగానికి కూలీల్ని కుదిర్చే మా పక్కూరి మేస్త్రీ మాటిచ్చాడు. "పెళ్లాం పిల్లల్తో వొచ్చీ, రంగం రేవుకి నేనొత్తాను, గదీ నేనే సూత్తాను" అన్నాడు. అలా మీ అత్త సూరమ్మా, చంటిది బుల్లీ, నేనూ బారువ రేవులో పడవెక్కి, కెరటాలు దాటి, దూరాన ఆగిన స్టీమరు చేరాం. మేస్త్రీకి ఇద్దామని మా తోటలోంచి ఒక పనసకాయ తెచ్చాను. బుల్లిని సూరమ్మ ఎత్తుకుంది, పనసకాయని నేను ఎత్తుకున్నాను. నాదే బరువు.

బయల్దేరినప్పుడు గట్టి కాయే. ఓడలో వేడికి మర్నాటికే ముగ్గిపోయింది. డెక్కు మీద పడుకున్నవాళ్లంతా ముక్కులు ఎగబీల్చడం మొదలెట్టారు. వాంతులతో మూలుగుతున్నవాళ్లు కూడా లేచి కూచుని మా కుశలం అడిగేవారు. ఇచ్ఛాపురం తాత ఒకాయనైతే పొద్దునా సాయంత్రం వచ్చి పండుని వేలితో తట్టి, "బాబూ, ఇది రంగం దాకా ఆగదు" అని చెప్పి వెళ్లేవాడు.

చివరి పొద్దున నీళ్లు బురదరంగుకి తిరిగాయి. రంగం ఏట్లోకి వచ్చేశాం. రేవులో డాక్టరు తనిఖీ ఉంటుందనీ, పళ్లు కనిపిస్తే ఏట్లో పారేయిస్తారనీ తాత అప్పుడు చెప్పాడు. నిజమే చెప్పాడో, తొనల మీది ఆశ అలా చెప్పించిందో ఇప్పటికీ తెలీదు. నేను మాత్రం కత్తి బయటికి తీశాను.

"సూరీ, నూనె ఇలాగియ్యి. జిగురంటకుండా సేతులకి రాసుకుని పండు కోసెత్తాను."

"నూనెక్కడిది బావా? ఉన్నదంతా నా తలకీ పిల్ల తలకీ రాసీసేను. కొత్త దేశంలో రేగిన జుత్తుతో దిగుతానేటి?"

"పోన్లే. పనసతోటలో పుట్టినోణ్ణి. నాకు నూనెతో పనేటి?"

"అలాగే కానీ" అంది. ఆ 'అలాగే' ఎలాంటిదో పెళ్లయినవాళ్లకి చెప్పక్కర్లేదు.

కోశాను. తొనలు అందరికీ పంచాను. మోచేతులదాకా జిగురు. ఇంతలో ఒక ఈగ వచ్చి మీసం మీద వాలింది. తోలబోతే చెయ్యి మీసానికి అంటుకుంది. లాగితే సగం మీసం బుగ్గ మీదకి వచ్చి అక్కడే ఉండిపోయింది. ఆ కంగారుకి పట్టిన చెమట తుడుచుకున్నాను, నుదురూ జిగురైంది. కంబళితో రుద్దుకోమన్నారెవరో. రుద్దుకున్నాను. నల్లబొచ్చంతా మొహానికి పట్టింది. కొబ్బరిపీచుతో గీకమని తాత సలహా ఇచ్చాడు. ఆ పీచూ అక్కడే కాపురం పెట్టింది. బుల్లి నన్ను చూసి తల్లి చీర చాటుకి పోయింది.

అంతలో ఓడ ఆగింది. అందరినీ వరసలో నిలబెట్టారు. దొర నా ముందుకి వచ్చి, చేతికర్రతో గెడ్డం పైకెత్తి చూసి, ఇందాక చెప్పిన రెండడుగులూ అప్పుడు వేశాడు. పక్కనున్న కాంపౌండరు కాకినాడ వైపు మనిషి. "చర్మరోగం అంటున్నారు. నువ్వు ఆ చిన్న పడవెక్కి రోగుల షెడ్డుకి వెళ్లాలి. ఆడమనిషీ పిల్లా ఇక్కడ దిగిపోతారు" అని తెలుగులో చెప్పాడు.

రోగం కాదు బాబూ అందామంటే పెదాలు అతుక్కుపోయి మాట లోపలే ఉండిపోయింది. అసలు భయం అప్పుడు పట్టుకుంది. మేస్త్రీ నా మొహమే ఎరుగును. సూరమ్మని అతను చూడలేదు, అతన్ని సూరమ్మ చూడలేదు. భాష తెలియని ఊళ్లో, ఆ జనంలో, చంటిదాన్ని ఎత్తుకుని ఎక్కడికి పోతుంది? బంట్రోతు అప్పటికే నన్ను పడవ వైపు తోస్తున్నాడు.

"ఉండండి బాబూ" అంది సూరమ్మ. బుల్లిని తాత చేతిలో పెట్టింది. ముడి విప్పింది. నూనె ఓడుతున్న జుత్తు గుప్పిట్లోకి చుట్టుకుని నా మొహం రుద్దడం మొదలెట్టింది. ఆ రోజుల్లో మొగుడూ పెళ్లాం నలుగురిలో పక్కపక్కన కూడా నిలబడేవాళ్లం కాదు. అక్కడ ఓడనిండా జనం, దొర, బంట్రోతులు. ఆవిడకి ఎవరూ కనబడలేదు.

"కదలకు. పనసతోటలో పుట్టేడంట" అని పళ్ల బిగువున అంటూ రుద్దుతోంది. నూనెకి జిగురు కరిగింది. బొచ్చూ పీచూ, వాటితో పాటు కొంత మీసమూ ఊడొచ్చాయి. కిందనుంచి ఎర్రగా నా మొహం బయటపడింది.

దొర నా బుగ్గ మీద వేలు రాసి, వాసన చూసి, నవ్వేశాడు. వెళ్లమని చెయ్యి ఊపాడు. కాంపౌండరు మాత్రం కదల్లేదు. "తొనలేమైనా మిగిలాయా?" అన్నాడు.

రేవులో మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు. "ఏటల్లుడూ, ఓడలో ఎవులైనా కొట్టేరేటి?"

"నేదు బాబూ, పనసపండు కోసేడు" అంది సూరమ్మ, మిగిలిన పనసపిక్కల మూట ఆయన చేతిలో పెట్టి.

నా మొహం బాగుపడింది గానీ జిగురంతా ఆవిడ జుత్తులోకి పోయింది. దువ్వెన దిగదు. మిల్లు లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, ఆడవాళ్లు కత్తిరించీమన్నారు. బారువలో పడవెక్కుతున్నప్పుడు చుక్క కన్నీరు పెట్టని మనిషి ఆ మాటకి ఏడ్చేసింది. వద్దన్నాను. కొన్నాళ్లు ఆగి పనిలోకి వస్తానని మేస్త్రీని బతిమాలుకున్నాను. వసారాలో ఆవిణ్ణి ముందు కూచోబెట్టుకుని, కొబ్బరినూనె వెచ్చజేసి, పాయ పాయ విడదీసేవాణ్ణి. ఆవిడ అటు తిరిగి ఊరి సంగతులు చెప్పుకుపోయేది. ఏ చెట్టు కాపుకొచ్చి ఉంటుందో, ఏ ఆవు ఈని ఉంటుందో. దారినపోయే కూలీలు మమ్మల్ని చూసి నవ్వుకునేవారు. రంగంలో ఉన్నన్నాళ్లూ అంత తీరికగా మేం మళ్లీ కూచోలేదు.

అక్కడ ఏం పని చేశావు మావా అని మీరెవరైనా అడిగితే, మిల్లులో తూకాలు చూశానని గొప్పగా చెప్తాను. అది రెండో ఉద్యోగం.